ఉప్పు వేసి ఫ్రిజ్‌లో పెట్టినా ఎందుకు పాడవుతుంది? బ్యాక్టీరియాకి అలవాటుపడే టైం ఇవ్వకుండా తిండి దాచుకోవడం ఎలా

ఒక వేసవిలో మా ఇంట్లో రెండు కిలోల రొయ్యలు తెచ్చి సగం వండి, మిగతా సగానికి ఉప్పూ పసుపూ రాసి, "ఫ్రిజ్‌లో ఉంది కదా, ఏమీ కాదులే" అని మూతపెట్టి మర్చిపోయాం. మూడో రోజు మూత తీస్తే వంటింట్లో ఎవరూ నిలబడలేకపోయారు. ఉప్పు ఉంది, చలి ఉంది, అయినా కంపు కొట్టింది. తప్పు ఎక్కడ జరిగిందో నాకు చాలా రోజుల తర్వాత గానీ అర్థం కాలేదు. ఉప్పూ చలీ బ్యాక్టీరియాని చంపుతాయని అనుకోవడమే ఆ తప్పు. చాలావాటిని అవి చంపవు, కాసేపు ఆపుతాయి అంతే. ఆ ఆగిన టైంలో బ్యాక్టీరియా తన ఇల్లు సర్దుకుంటుంది, సర్దుకోవడం అయిపోగానే మళ్ళీ పని మొదలుపెడుతుంది. మనకి దక్కే లాభమంతా ఆ మధ్యలో ఆగిన టైమే. కొంచెం ఉప్పు, కొంచెం చలి అని అరకొరగా ఇచ్చామా, ఆ టైం కూడా తగ్గిపోతుంది.

కాబట్టి కింద చెప్పే పనులన్నిటి వెనకా ఒకటే లెక్క ఉంది: దెబ్బ ఒక్కసారే, గట్టిగా, వీలైతే రెండు మూడు వైపుల నుంచి పడాలి.

లోపల ఏం జరుగుతుందో ముందు చూద్దాం, ఇది తెలిస్తే మిగతాదంతా మీకే తడుతుంది

మాగాయకి ముక్కలు కోసి ఉప్పు కలిపి ఉంచితే తెల్లారేసరికి ఊట వస్తుంది కదా, ముక్కలో ఉన్న నీళ్ళని ఉప్పు బయటికి లాగేసింది. బ్యాక్టీరియాకి జరిగేదీ అచ్చం అదే, కాకపోతే అది కంటికి కనపడనంత చిన్నది కాబట్టి రాత్రంతా పట్టదు, క్షణాల్లో వడిలిపోతుంది. అప్పుడది ముందు చేసే పని దొరికినంత పొటాషియం లోపలికి లాక్కోవడం. లోపల సరుకు పెరిగితే నీళ్ళు తిరిగి లోపలికి వస్తాయి. కానీ పొటాషియం మరీ ఎక్కువైతే లోపలి పనులకి అడ్డం, అందుకని తర్వాత మెల్లగా దాన్ని బయటికి పంపేసి దాని స్థానంలో గ్లైసిన్ బీటైన్, కార్నిటైన్, ప్రోలిన్ లాంటి వాటిని నింపుకుంటుంది. ఇవి నీళ్ళని పట్టి ఉంచుతాయి, పనికి అడ్డురావు. ఇవన్నీ ఎక్కడివంటారా? మన గిన్నెలోవే. బీట్‌రూట్‌లో, పాలకూరలో బీటైన్ బాగా ఉంటుంది. మాంసంలో కార్నిటైన్ ఉంటుంది, అసలు దానికా పేరు వచ్చిందే మాంసం అనే లాటిన్ మాట నుంచి. అంటే మటన్‌కి ఉప్పు రాసినప్పుడు, ఆ ఉప్పుని తట్టుకునే సరంజామా కూడా మనమే పళ్ళెంలో పెట్టి ఇస్తున్నాం అన్నమాట.

ఇక చలి. డిసెంబర్‌లో కొబ్బరినూనె సీసాలో గడ్డకడుతుంది, నెయ్యి రాయిలా అవుతుంది, నువ్వుల నూనె మాత్రం కదులుతూనే ఉంటుంది. బ్యాక్టీరియా చుట్టూ ఉండే పొర కూడా కొవ్వుతో చేసిందే. చలికి అది బిగుసుకుపోతే లోపలికి ఏదీ రాదు, బయటికి ఏదీ పోదు. అందుకని అది తన పొరలో నెయ్యి రకం కొవ్వుల్ని తగ్గించి నూనె రకం కొవ్వుల్ని పెంచుకుంటుంది, పొర మళ్ళీ మెత్తబడుతుంది. ఇంకో ఇబ్బంది ఏమిటంటే ప్రొటీన్లు తయారుచేయడానికి వాడే ఆర్‌ఎన్‌ఏ దారాలు చలికి చిక్కుపడిపోతాయి. ఆ చిక్కు విప్పడానికి ప్రత్యేకంగా కొన్ని ప్రొటీన్లు తయారవుతాయి, వాటిని కోల్డ్ షాక్ ప్రొటీన్లు అంటారు. మన పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బ్యాక్టీరియాని 37 డిగ్రీల నుంచి ఒక్కసారి 10 డిగ్రీలకి దించితే దాదాపు నాలుగు గంటలు దాని పెరుగుదల ఆగిపోతుంది. ఆ టైంలో అది కొత్తగా చేసే మొత్తం ప్రొటీన్‌లో 13 శాతం దాకా ఈ చిక్కు విప్పే రకాల్లో ఒక్కటే ఉంటుంది, దాని పేరు సీఎస్‌పీఏ. ఇల్లు మునిగినప్పుడు మిగతా పనులు మానేసి నీళ్ళు తోడినట్టు.

ఇప్పుడు అసలు ముఖ్యమైన విషయం. ఉప్పుని తట్టుకోవడానికి దాచుకున్న బీటైన్, కార్నిటైన్‌లు చలిలో కూడా పనికొస్తాయి. లిస్టీరియా అనే బ్యాక్టీరియాలో ఇది స్పష్టంగా కనపడుతుంది. పది శాతం ఉప్పులో బతుకుతుంది, సున్నా డిగ్రీల దగ్గర కూడా నెమ్మదిగా పెరుగుతుంది. ఒక కష్టానికి నేర్చుకున్నది రెండో కష్టానికి వాడుకుంటుంది. మా రొయ్యలకి మేము చేసిందదే: చిటికెడు ఉప్పు, ఆపైన నెమ్మదిగా చల్లబడే గిన్నె. బ్యాక్టీరియాకి ట్రైనింగ్ ఇచ్చినట్టే.

మొదటి పని: మీ ఫ్రిజ్ నిజంగా ఎంత చల్లగా ఉందో చూడండి

ఫ్రిజ్‌లో తిప్పే నాబ్ మీద 4 అని ఉంటే 4 డిగ్రీలు అని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. కాదు, అది ఎంత గట్టిగా చల్లబరచాలో చెప్పే అంకె మాత్రమే. ఒక థర్మామీటర్ కొనండి (జ్వరం చూసేది కాదు, ఫ్రిజ్‌కి వాడేది దొరుకుతుంది), గ్లాసు నీళ్ళలో పెట్టి మధ్య అరలో రాత్రంతా ఉంచండి. పొద్దున్నే తలుపు తీయగానే చదవండి. 4 లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. 8, 9 కనపడితే నాబ్ పెంచండి, ఫ్రిజ్ కుక్కినట్టు నింపి ఉంటే కొంత ఖాళీ చేయండి, గాలి తిరగడానికి దారి ఉండాలి. తలుపు గట్టిగా మూసుకోకపోతే దాని రబ్బరు చూడండి.

నాలుగైదు డిగ్రీల తేడాకి ఇంత హడావుడి ఎందుకంటే, లిస్టీరియా లాంటిది 4 డిగ్రీల దగ్గర రెట్టింపు కావడానికి రోజు పైనే తీసుకుంటుంది, 10 దగ్గర కొన్ని గంటలు చాలు. తలుపు అరలు అన్నిటికన్నా వెచ్చగా ఉంటాయి. అక్కడ పాలు పెట్టకండి, సాసులు పెట్టుకోండి.

రెండో పని: వేడి కూరని "పూర్తిగా చల్లారాక పెడదాం" అని రాత్రంతా వదిలేయకండి

ఇది మన ఇళ్ళలో బాగా పాతుకుపోయిన అలవాటు. పెద్ద గిన్నెలో పప్పుచారు ఎనిమిదింటికి దించితే పదకొండింటికి కూడా మధ్యలో గోరువెచ్చగా ఉంటుంది. 60 నుంచి 5 డిగ్రీల మధ్య ఉన్నదంతా బ్యాక్టీరియా రాజ్యం, అందులోనూ ఒంటి వేడికి దగ్గరగా ఉన్నప్పుడు కొన్ని ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. దానికితోడు నెమ్మదిగా చల్లబడితే ప్రతి మెట్టు దగ్గరా పొర మార్చుకోవడానికి తీరిక దొరుకుతుంది, ఫ్రిజ్‌లోకి వెళ్ళేటప్పటికి స్వెట్టర్ వేసుకుని వెళుతుందన్నమాట. అదే ఒక్కసారి చల్లబడితే పైన చెప్పిన ఆ నాలుగు గంటల లాంటి విరామం మనకి పూర్తిగా దక్కుతుంది.

ఎలా చేయాలంటే, మిగిలిన కూరని వెడల్పాటి స్టీలు పళ్ళాల్లోకో బేసిన్లలోకో రెండు అంగుళాలకి మించకుండా పోయండి. సింకులో చల్లటి నీళ్ళు పట్టి, ఐస్ ముక్కలుంటే అవి కూడా వేసి, అందులో గిన్నె పెట్టి గరిటెతో కలపండి. ఇరవై నిమిషాల్లో ఆవిరి ఆగిపోతుంది, అప్పుడు డబ్బాల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. ఏం చేసినా దించిన రెండు గంటల్లోపు లోపల ఉండాలి. అన్నానికి ఇది మరీ ముఖ్యం. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు (గట్టి పెంకులో నిద్రపోయే రూపం) ఉంటాయి, ఉడికినా చావవు, గోరువెచ్చగా ఉన్నప్పుడు మొలిచి విషం చేస్తాయి, ఆ విషాల్లో ఒకటి మళ్ళీ వేడిచేసినా పోదు.

మూడో పని: ఉప్పుని బరువుతో కాదు, నీళ్ళతో లెక్కపెట్టండి

బ్యాక్టీరియా ఉండేది నీళ్ళలో. కాబట్టి ఆ నీళ్ళలో ఎంత ఉప్పు కరిగిందన్నదే దానికి తెలుస్తుంది. కిలో చేపలో ముప్పావు కిలో నీళ్ళే అనుకోండి. అందులో 15 గ్రాముల ఉప్పు రాస్తే, అంటే కూరకి సరిపోయేంత, నీళ్ళలో రెండు శాతం. దానివల్ల రుచి వస్తుంది గానీ నిలవ ఉండదు. 75 గ్రాములు వేస్తే తొమ్మిది శాతం, సూడోమొనాస్ లాంటి చలి బ్యాక్టీరియా ఇక్కడ ఆగిపోతుంది, స్టాఫిలోకోకస్ ఆరియస్ మాత్రం ఆగదు. వంద గ్రాముల నీళ్ళు 36 గ్రాముల ఉప్పు కరిగించుకోగలవు, కాబట్టి ముప్పావు కిలో నీళ్ళకి 270 గ్రాములు పడితే గానీ పూర్తిగా నిండదు. ఉప్పు చేప చేసేవాళ్ళు మూడు పాళ్ళ చేపకో నాలుగు పాళ్ళ చేపకో ఒక పాలు ఉప్పు వేయడం వెనక ఉన్న లెక్క ఇదే. వాళ్ళు కాలిక్యులేటర్ పట్టుకోలేదు, చెయ్యి చెప్పింది.

ఈ స్టాఫిలోకోకస్ (పొట్టిగా స్టాఫ్) గురించి ఒక్కమాట. ఇది మన చేతుల మీద, ముక్కులో మామూలుగానే ఉంటుంది, 15 శాతం ఉప్పులో కూడా పెరగగలదు, అది వదిలే విషం ఉడికించినా పోదు. ఉప్పు ఎక్కువున్న చోట దానికి పోటీ వచ్చే మిగతా బ్యాక్టీరియా ఉండదు కాబట్టి దానిదే ఇష్టారాజ్యం. అందుకే వేలికి దెబ్బ తగిలి ఉన్నప్పుడు చేపలకి ఉప్పు పట్టించడం, ఎండబెట్టే మాంసానికి ఉప్పు కలపడం లాంటివి చేయకండి, లేదా గ్లవ్స్ వేసుకోండి.

ఉప్పు వేసేటప్పుడు ఈ రోజు కొంచెం, రేపు కొంచెం అని వాయిదాలు వద్దు. పూర్తి ఉప్పు ఒకేసారి, ముక్క లోపలికి దిగేలా గాట్లు పెట్టి మరీ పట్టించాలి. పెద్ద చేప అయితే మధ్యకి చీల్చాలి. పైన తెల్లగా ఉప్పు మేటవేసి, వెన్నెముక పక్కన చప్పగా ఉందంటే అక్కడే కుళ్ళు మొదలవుతుంది.

మటన్‌కి పెరుగు, ఉప్పు, పసుపు రాసి నానబెట్టడం గురించి అడుగుతారని తెలుసు. అది వంట, నిలవ కాదు. ఫ్రిజ్‌లో ఒక్క రోజు, అంతే. ఒట్టి తునకలు చేయాలంటే సన్నగా కోసి, ఉప్పు దండిగా పట్టించి, ఎర్రటి ఎండలో గలగలలాడేదాకా ఎండబెట్టాలి. మబ్బు పట్టిన రోజు మొదలుపెట్టి మెత్తమెత్తగా రెండు రోజులు దండెం మీద వదిలేయడం కన్నా ఆ రోజు కూర వండుకోవడం మేలు.

నాలుగో పని: ఉప్పు ఒక్కదాని మీదే భారం వేయకండి

బీపీ అని ఇప్పుడు చాలా ఇళ్ళలో ఆవకాయకి ఉప్పు తగ్గిస్తున్నారు. తగ్గించండి, తప్పు లేదు, కానీ ఏం తీసేస్తున్నారో తెలిసి తగ్గించండి. ఆవకాయలో ఉప్పొక్కటే లేదు. పుల్లటి కాయ ఉంది, ఆవపిండి ఘాటు ఉంది, ఊటని పీల్చుకునే పిండీ కారం ఉన్నాయి, పైన గాలి తగలకుండా నూనె ఉంది. ఒక్కో గోడా దూకడం కుదురుతుందేమో గానీ అన్నీ ఒకేసారి దూకడానికి బ్యాక్టీరియాకి ఓపిక చాలదు. లోపలికి వచ్చే ఆసిడ్‌ని బయటికి తోయాలి, నీళ్ళు పోకుండా చూసుకోవాలి, రెండిటికీ శక్తి కావాలి, ఆ శక్తి అయిపోయి చచ్చిపోతుంది. జర్మనీకి చెందిన లోథార్ లైస్ట్‌నర్ దీన్ని హర్డిల్ పద్ధతి అన్నారు, పరుగుపందెంలో అడ్డంగా పెట్టే కర్రల్లాంటివి. మన అమ్మమ్మలు ఆ మాట వినకుండానే జాడీలు నింపారు.

ఇందులో ఒక తమాషా ఉంది. బాగా పుల్లగా, బాగా ఉప్పగా ఉన్న పచ్చడిలో హానికరమైన బ్యాక్టీరియా ఏదైనా పడితే, అది బయట వెచ్చగా ఉన్న జాడీలోనే తొందరగా చస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే నిద్రపోయినట్టు పడి ఉండి ఎక్కువ రోజులు బతుకుతుంది, ఎందుకంటే చలిలో శక్తి ఖర్చు తక్కువ. కాబట్టి పూర్తి ఉప్పుతో పెట్టిన ఆవకాయని మొదటి రోజు నుంచే ఫ్రిజ్‌లో పెట్టాల్సిన అవసరం లేదు.

తక్కువ ఉప్పుతో పెట్టాలంటే మాత్రం ఇలా చేయండి. కాయ పీచు పట్టిన, పళ్ళు జివ్వుమనేంత పులుపున్నదే కావాలి, దోరగా తిరిగినది వద్దు. దోరకాయకి పులుపు తగ్గుతుంది, మీరు ఉప్పూ తగ్గిస్తారు, రెండు కర్రలు ఒకేసారి పడిపోయినట్టే. ముక్కలు తుడిచి ఆరబెట్టండి. నూనె ముక్కల పైకి తేలాలి. కొద్దిగా పెట్టుకోండి, ఊరాక ఫ్రిజ్‌లో ఉంచి రెండు మూడు నెలల్లో తినేయండి. ఇందులో ముందు వచ్చేది బ్యాక్టీరియా కాదు, పైన తెల్లగా బూజు. బూజులూ ఈస్ట్‌లూ ఉప్పునీ పులుపునీ బ్యాక్టీరియా కన్నా బాగా తట్టుకుంటాయి. తడి గరిటె పెడితే గరిటె తాకిన చోట నీళ్ళ చుక్క నిలిచి ఉప్పు పలచబడుతుంది, అవి మొదలయ్యేది సరిగ్గా అక్కడే. తడి గరిటె పెడితే పెద్దవాళ్ళు ఎందుకు అరిచేవారో ఇప్పుడు తెలిసింది కదా.

నూనె గురించి ఒక హెచ్చరిక: పచ్చి వెల్లుల్లి రెబ్బలు ఒట్టి నూనెలో వేసి రోజుల తరబడి బయట ఉంచకండి. పులుపు లేదు, ఉప్పు లేదు, గాలి అసలే లేదు. బోట్యులిజం అనే ప్రాణం తీసే జబ్బు తెచ్చే క్లాస్ట్రిడియంకి సరిగ్గా అలాంటి చోటే కావాలి.

ఐదో పని: చేపలు, రొయ్యలు కొన్న నిమిషం నుంచే చలి మొదలుపెట్టండి

కొల్లేరు వైపు నుంచి కోల్‌కతాకి వెళ్ళే చేపల్ని చూసి ఉంటారు, పెట్టెలో ఒక వరస ఐస్, ఒక వరస చేప. దారిలో ఐస్ కరుగుతూనే ఉంటుంది, కరిగినంతసేపూ చేప సున్నా దగ్గరే ఉంటుంది, ఆ నీళ్ళు పైన ఉన్న జిగటని కడుగుతాయి కూడా. పైగా వెచ్చటి నీళ్ళలో పెరిగిన చేప మీద ఉండేవి వెచ్చదనానికి అలవాటుపడ్డ బ్యాక్టీరియా, ఐస్ వాటికి పెద్ద షాక్. అందుకే మన చేప ఐస్‌లో చలి సముద్రాల చేప కన్నా ఎక్కువ రోజులు ఆగుతుంది. ఆ లాభాన్ని మనం బజారు నుంచి ఇంటికి వచ్చే ముప్పావు గంట ఎండలో పోగొట్టుకుంటున్నాం.

బజారుకి వెళ్ళేటప్పుడే ఒక చిన్న థర్మాకోల్ పెట్టె, కిలో చేపకి కిలో ఐస్ లెక్కన తీసుకెళ్ళండి. ఇంటికి రాగానే పేగులు, మొప్పలు తీసేసి ధారగా మంచినీళ్ళతో కడగండి. సముద్రపు రొయ్యల మీద ఉండే, జబ్బు తెచ్చే బ్యాక్టీరియా విబ్రియో పారాహీమోలిటికస్‌కి బతకడానికి ఉప్పు కావాలి, మంచినీళ్ళు దానికి గిట్టవు. ఉప్పునీళ్ళలో నానబెట్టి ఉంచడం దానికి ఇల్లు కట్టి ఇచ్చినట్టే. కడిగాక నీళ్ళు ఓడ్చి, ఆ రోజే వండకపోతే పలచగా పరిచి నేరుగా డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి.

కనగర్త, వంజరం, ట్యూనా లాంటి వాటిలో ఇంకో సమస్య ఉంది. వెచ్చగా ఉంటే కొన్ని బ్యాక్టీరియా వాటి కండలో హిస్టమిన్ తయారుచేస్తాయి. ఆ చేప తింటే మొహం ఎర్రబడి దురదలు, తలనొప్పి వస్తాయి, మనం "చేప పడలేదు" అనుకుంటాం. వేపినా, పులుసు పెట్టినా హిస్టమిన్ పోదు. కొన్ని చలి రకాలు ఫ్రిజ్‌లో కూడా దీన్ని చేస్తాయి కాబట్టి ఈ చేపల్ని ఫ్రిజ్ అరలో రెండు రోజులు ఉంచే ఆలోచన పెట్టుకోకండి.

ఆరో పని: ఉప్పు చేప ఎర్రబడితే

వానాకాలంలో ఉప్పు చేప మీద గులాబీ రంగు మరకలు, జిగురు కనపడతాయి. ఇది మామూలు బ్యాక్టీరియా కథకి పూర్తిగా తలకిందులు. హాలోబాక్టీరియం అనే ఇవి (పేరులో బ్యాక్టీరియా ఉన్నా నిజానికి ఆర్కియా అనే వేరే జాతి) 15 శాతం ఉప్పు కన్నా తక్కువుంటే పెరగలేవు, మంచినీళ్ళలో పడితే పగిలిపోతాయి. బీటైన్ గొడవ లేకుండా పొటాషియమే నిండా పట్టించుకుని బతుకుతాయి, వాటి ప్రొటీన్లే ఉప్పు లేకపోతే విడిపోయేలా ఉంటాయి. ఇవి వచ్చేది చేప నుంచి కాదు, ఉప్పు నుంచి. నౌపడ, చినగంజాం లాంటి చోట్ల ఎండకి ఆరబెట్టే ఉప్పు మడుల్లో నీళ్ళు చిక్కబడ్డాక ఎర్రగా కనిపించడానికి ఇలాంటి జీవులే కారణం.

కాబట్టి ఉప్పు చేపకి శుభ్రమైన, పొడిగా ఉన్న కల్లుప్పు వాడండి, పోయినసారి చేపల నుంచి రాలిన ఉప్పు మళ్ళీ వాడకండి. ఎండిన చేపని గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే ఎరుపు దాదాపు ఆగిపోతుంది, వీటికి వెచ్చదనం కావాలి. ఒకచోట లేతగా మరక ఉండి చేప గట్టిగా ఉంటే ఆ ముక్క కోసేసి మిగతాది మంచినీళ్ళలో కడిగి వెంటనే వండుకునేవాళ్ళు ఉన్నారు. నేనైతే మెత్తబడినా, కంపు తేడాగా ఉన్నా మొత్తం పారేస్తాను, ఎందుకంటే ఎరుపు వచ్చిందంటే ఆ చేప తడిగా, వెచ్చగా చాలారోజులు ఉందని అర్థం, అదే టైంలో స్టాఫ్ ఏం చేసిందో కంటికి కనపడదు. మెత్తళ్ళు లాంటి సన్నవి బాగా ఎండుతాయి కాబట్టి వాటితో ఈ తలనొప్పి తక్కువ.

మిగతావి త్వరగా

పాలు బయట ఉంటే పులిసి విరుగుతాయి, ఫ్రిజ్‌లో ఎక్కువ రోజులుంటే పులవకుండా చేదెక్కుతాయి. ఆ చేదు చలి బ్యాక్టీరియా పని. వాటి ఎంజైములు కాచినా పోవు, కాబట్టి చేదు పాలని కాచి పాయసం చేద్దామనుకోకండి.

డీప్ ఫ్రీజర్‌లో బ్యాక్టీరియా అంతా చావదు, మైనస్ 18 దగ్గర పెరగదు అంతే. కొన్ని దెబ్బతింటాయి, కరిగాక కోలుకుంటాయి. అందుకే గడ్డకట్టిన చికెన్‌ని వంటింటి గట్టు మీద కాకుండా, ముందురోజు రాత్రే కింద అరలోకి మార్చి గిన్నెలో పెట్టి కరగనివ్వండి. ఒకసారి బయట కరిగించింది మళ్ళీ పచ్చిగా గడ్డకట్టించకండి, చిన్న చిన్న పొట్లాలుగా ముందే పెట్టుకుంటే ఆ అవసరమే రాదు.

కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తీయకండి. తీయకపోతే సుమారు నాలుగు గంటలు చలి నిలుస్తుంది. అంతకన్నా ఎక్కువసేపు పోయిందా, ఆ థర్మామీటర్ గ్లాసు ఉంది కదా, అది చూడండి. 5 లోపు ఉంటే సరే. ఎప్పుడు దాటిందో తెలియకపోతే చేప, మాంసం, అన్నం, పాల వంటకాలు పోనివ్వండి, పచ్చళ్ళు, వెన్న, కూరగాయలు ఉంచుకోండి. ఇంట్లో గర్భిణులు ఉంటే నిన్నటి కూర ఏదైనా సరే పొగలు వచ్చేదాకా మరిగించి పెట్టండి, చల్లటి పనీర్ ముక్కలు నేరుగా తినిపించకండి, లిస్టీరియా వల్ల గర్భంలో బిడ్డకే ఎక్కువ ప్రమాదం.

వాసన చూసి నిర్ణయించడం కూడా మానుకోండి. కంపు కొట్టేది సూడోమొనాస్, షెవానెల్లా లాంటి పాడుచేసే రకాలు, జబ్బు తెచ్చేవి చాలావరకు వాసన లేకుండానే ఉంటాయి. డబ్బా మీద టేపు ముక్క అంటించి తేదీ రాయండి. మా ఫ్రిజ్‌లో పెన్ను కట్టేసి ఉంటుంది, దారంతో, పిల్లలు ఎత్తుకుపోకుండా.